సిలువకు చంద్రుని సాక్ష్యం కావాలా?



శ్రమదినాలు మొదలయ్యాయో లేదో, ఆ వీడియో మళ్ళీ మన గ్రూపుల్లో తిరుగుతోంది. యేసుప్రభువు సిలువ వేయబడిన సాయంత్రం యెరూషలేములో చంద్రుడు రక్తంలా ఎర్రగా ఉదయించాడట. నాసా లెక్కకట్టి రుజువు చేసిందట. కనుక బైబిలు నిజమట. కింద వరసగా ఆమేన్‌లు. ఆ ఆమేన్ మేము చెప్పలేము. ఎందుకో రాస్తున్నాం, కోపగించుకోకుండా చదవండి.

ఈ మాట ఊరికే పుట్టింది కాదు. 1983లో కాలిన్ హంఫ్రీస్, గ్రేమ్ వాడింగ్టన్ అనే ఇద్దరు ఆక్స్‌ఫర్డు శాస్త్రవేత్తలు ‘నేచర్’ పత్రికలో ఒక వ్యాసం రాశారు. సిలువ జరిగిన రోజు క్రీ.శ. 33 ఏప్రిల్ 3 శుక్రవారమని, ఆ రోజు చంద్రగ్రహణం పట్టిందని వారి లెక్క. గ్రహణం పట్టిన మాట నిజమే. కానీ అది పాక్షిక గ్రహణం. నీడ బాగా కమ్మిన వేళకు యెరూషలేములో చంద్రుడింకా ఉదయించనే లేదు. ఉదయించేసరికి అంచున కొంచెం నీడ మిగిలింది, అదీ అరగంట సేపు. ఈ సంగతి ఆ వ్యాసం రాసినవారే చెప్పారు. వీడియో చేసినవారు మాత్రం దాన్ని నిండు చంద్రుడంతా రక్తమైనట్టు రంగు వేసి చూపించారు.

తరువాత 1990లో బ్రాడ్లీ షేఫర్ అనే అమెరికా ఖగోళ శాస్త్రవేత్త దీన్ని పరిశీలించాడు. అప్పుడే పొద్దు కుంకింది, ఆకాశంలో ఇంకా వెలుగుంది. ఆ వెలుగులో, నేలను ఆనుకుని లేస్తున్న చంద్రుని మీద ఆ కొంచెం నీడ మామూలు కంటికి ఆనదన్నాడు. చీకటి పడి చంద్రుడు స్పష్టంగా కనిపించే వేళకు మిగిలింది ఉపచ్ఛాయ మాత్రమే, అంటే అసలు నీడ చుట్టూ ఉండే పలచని అరనీడ. అక్కడ భూమి సూర్యుణ్ణి పూర్తిగా కాక కొంతవరకే అడ్డుకుంటుంది. చంద్రుడు దానిలో బాగా లోపలికి పోతే తప్ప వెలుగు తగ్గినట్టు కూడా మనకు తెలియదు. మరి ఎరుపు మాటేమిటి? తూర్పున నేలబారున లేచే చంద్రుడు ఏ పౌర్ణమికైనా ఎర్రగానే కనిపిస్తాడు. మధ్యలో ఉన్న మందమైన గాలి, దుమ్ము చేసే పని అది. పొలం నుండి ఇంటికొచ్చే ఏ రైతునడిగినా చెబుతాడు.

2022 నవంబరు 8న మనమే చూశాం కదా. సంపూర్ణ గ్రహణం 5:12కే ముగిసింది, చంద్రుడు ఆ తరువాతే మన ఊరికి లేచాడు. యెరూషలేములో ఆనాడు మిగిలినదానికంటె మనకు చాలా ఎక్కువ నీడే మిగిలింది. 6:19కి అదీ పోయింది. ఆ తరువాత 7:26 వరకు ఉపచ్ఛాయ ఉంది. అప్పుడు ఎవరి కంటికైనా తేడా తెలిసిందా? వాకిట్లో నిలబడిన మా అందరికీ మామూలు పున్నమి చంద్రుడే కనిపించాడు. (ఆ రోజు కడుపుతో ఉన్న కోడళ్లను అన్నం నీళ్లు లేకుండా గదిలో కూర్చోబెట్టిన విశ్వాసుల ఇళ్లు మాకు తెలుసు. ఆ సంగతి మరో వారం మాట్లాడతాం.)

“అయ్యగారూ, పేతురే చెప్పాడు కదండీ, చంద్రుడు రక్తమగునని” అంటారు. చెప్పాడు, యోవేలు ప్రవచనం ఎత్తి చెప్పాడు. అపొస్తలుల కార్యములు 2వ అధ్యాయం పూర్తిగా చదవండి. ఆ ప్రవచనం చెప్పాక, మొన్న పస్కానాడు మీరు చంద్రుణ్ణి చూశారు కదా అని పేతురు జనాన్ని అడగలేదు. దేవుడు యేసును లేపాడు, దానికి మేము సాక్షులం అన్నాడు. సువార్తలు నాలుగూ వెతకండి, ఆ రాత్రి చంద్రుని ఊసే లేదు. మధ్యాహ్నం మూడు గంటల చీకటి మాత్రం ఉంది. అది సూర్యగ్రహణం కాదు, పస్కా పౌర్ణమికి సూర్యగ్రహణం పట్టదు. సూర్యుడు పూర్తిగా మూయబడేదీ ఎనిమిది నిమిషాలైనా ఉండదు. ఆ చీకటిని దేవుని కార్యమని ఒప్పుకునే మనకు, సాయంత్రం కంటికానని అరనీడ ఎందుకు?

అబద్ధపు రుజువుకు ఖరీదు ఉంటుంది. దాన్ని కట్టేది మన పిల్లలు. మన సంఘంలోనే డిగ్రీ చదివే ఒక తమ్ముడు ఈ వీడియోను హాస్టల్లో స్నేహితులకు చూపించాడు. వాళ్లు పది నిమిషాల్లో షేఫర్ వాదన తీసి అతని ముందు పెట్టారు. సెలవులకు వచ్చినప్పుడు అతను మమ్మల్ని అడిగిన ప్రశ్న చంద్రుని గురించి కాదు. “ఇది ఇంతేనా అయ్యగారూ, పునరుత్థానం కూడా ఇలాంటిదేనా?” అని అడిగాడు. ఫార్వర్డ్ చేసిన పెద్దలు ఆ ప్రశ్నకు ఏం జవాబిస్తారు? సూచక క్రియ కావాలని అడిగిన తరానికి ప్రభువు యోనా సూచన తప్ప మరొకటి ఇవ్వనన్నాడు. మనం దానికి తోడు ఒక వీడియో చేర్చామా?

ఆ శుక్రవారం సాయంత్రం ఎవరు ఎటు చూస్తున్నారో మార్కు రాశాడు. మగ్దలేనే మరియ, యోసే తల్లియైన మరియ ఆయనను ఎక్కడ ఉంచారో చూస్తున్నారు. ఆ చూసిన చోటికే ఆదివారం తెల్లవారుజామున సుగంధ ద్రవ్యాలు పట్టుకుని వెళ్లారు. శుభ శుక్రవారం ఆరాధనలో ఆ భాగమే చదువుతాం. ప్రొజెక్టరు మీద ఆ వీడియో వేయమని యౌవనస్థులు అడిగారు, వేయం.