ముందు తల్లితో మాట్లాడాలి

కడుపులోని బిడ్డకు ఆరో నెలలో చెవి పనిచేయడం మొదలవుతుంది. పెద్ద చప్పుడు వినపడితే కదులుతుంది, గుండె వేగం మారుతుంది. 28 వారాలు నిండేసరికి ఈ స్పందన స్థిరపడుతుంది. బయటి మాట మాత్రం ఉన్నదున్నట్టుగా లోపలికి చేరదు. తల్లి ఒళ్లు, ఉమ్మనీరు సన్నని ధ్వనులను చాలావరకు ఆపేస్తాయి. మాటలోని ఎత్తుపల్లాలు, దాని నడక లోపలికి వెళ్తాయి. తల్లి గొంతు గాలిలోనే కాక ఆమె ఒంట్లోంచి కూడా చేరుతుంది కాబట్టి, బిడ్డ అన్నిటికంటే బాగా వినేది ఆ గొంతునే.

దీనికి రుజువులున్నాయి. అమెరికాలో డికాస్పర్, ఫైఫర్ 1980లో ప్రచురించిన పరిశోధనలో అప్పుడే పుట్టిన పిల్లలు పరాయి స్త్రీ గొంతు కాక తల్లి గొంతు వినపడేలా పాలపీక చప్పరించే తీరు మార్చుకున్నారు. 1986 నాటి మరో పరిశోధనలో, చివరి ఆరు వారాలు తల్లి పైకి చదివిన కథనే పిల్లలు పుట్టాక ఇష్టపడ్డారు. అప్పుడే పుట్టిన ఫ్రెంచి పిల్లల ఏడుపు రాగం వాళ్ల భాష లాగే పైకి లేస్తుందని, జర్మన్ పిల్లలది కిందికి దిగుతుందని 2009లో తేలింది. మాచర్లలో పుట్టే బిడ్డకూ పల్నాటి మాట తీరు అప్పటికే పరిచయమై ఉంటుందన్న మాట.

ఇంతవరకు తెలిసిన శాస్త్రం ఇది. దీన్ని పట్టుకుని ఫోన్లలో, పట్టణాల్లో కడుపులోని బిడ్డకు బోధించే గర్భసంస్కారం తరగతుల పేరుతో సాగుతున్న వ్యాపారం శాస్త్రం కాదు. పొట్టకు హెడ్‌ఫోన్లు తగిలిస్తే మేధావి పుడతాడనడానికి ఆధారం లేదు. మోజార్ట్ సంగీతంతో తెలివి పెరుగుతుందన్న ప్రచారానికి మూలమైన 1993 పరిశోధన కాలేజీ విద్యార్థుల మీద జరిగింది, గర్భస్థ శిశువుల మీద కాదు. తల్లి రోజంతా ఇరుగుపొరుగుతో, పెద్దబిడ్డతో, ఫోన్లో అమ్మతో మాట్లాడే మామూలు మాటలన్నీ కడుపులోకి చేరుతూనే ఉంటాయి. దానికి రుసుం కట్టక్కర్లేదు.

కడుపులోనే విని నేర్చారంటూ ఈ వ్యాపారులు ప్రహ్లాదుణ్ని, అభిమన్యుణ్ని సాక్ష్యానికి పిలుస్తారు. ప్రహ్లాదుడి కథను మొదటినుంచి చూస్తే సంగతి వేరు. ఇంద్రుడు ప్రహ్లాదుడి తల్లి లీలావతిని చెరపట్టి తీసుకుపోతుంటే నారదుడు అడ్డుపడి విడిపించాడు. తన ఆశ్రమంలో ఆమెకు భయం లేని చోటు ఇచ్చాడు. ఆ తర్వాతే ఉపదేశం. అదీ తల్లికి చెప్పాడు. బిడ్డ విన్నది ఆమెకు చెప్పిన మాటే. ఈ మొదటి సగాన్ని వదిలేసి రెండో సగాన్ని అమ్ముకోవడం అన్యాయం.

పల్నాడులో ఆ మొదటి సగమే కరువు. మిరప కోతల కాలంలో కూలికి వెళ్లే గర్భిణి తెల్లారకముందే వంట ముగించి, క్యారేజీ సర్దుకుని, కిక్కిరిసిన ఆటో ఎక్కుతుంది. ఘాటుకు ముక్కు, నోరు మూసేలా చీర కొంగో తువ్వాలో బిగించి కట్టుకుంటుంది. వంగి కాయ కోస్తూ, మూట ఈడుస్తూ, సాయంత్రానికి దగ్గు తప్ప గొంతులోంచి మాట రాని స్థితిలో ఇల్లు చేరుతుంది. ఎండలకు పేరుపడ్డ రెంటచింతల చుట్టుపక్కల ఆ నెలలు ఎలా ఉంటాయో వేరే చెప్పక్కర్లేదు. ఇంటికొచ్చాక పొయ్యి దగ్గరికే. ఆమెను పట్టుకుని బిడ్డతో మాట్లాడు, బంధం పెరుగుతుంది అని బోధించడం క్రూరం.

తొలిచూలుకైతే సీమంతం, గాజులు, పుట్టింటి చలిమిడి ఉంటాయి. పురిటికి పుట్టింటికి తీసుకెళ్లి కొన్నాళ్లు కూర్చోబెడతారు. ఆ ఆచారంలో తల్లికి దక్కే విశ్రాంతి, నలుగురు ఆడవాళ్ల కబుర్లు ఏ తరగతిలోనూ దొరకవు. రెండో కాన్పు వచ్చేసరికి అదంతా చాలా ఇళ్లలో ఆగిపోతుంది.

ప్రభుత్వమూ అలాగే లెక్క చూస్తోంది. సంస్థల్లో పనిచేసే ఉద్యోగినికి 2017 సవరణతో 26 వారాల జీతంతో కూడిన సెలవు వచ్చింది. మిరప తోటలో కూలికి అది లేదు. కొద్దిమంది మినహా ప్రతి గర్భిణికీ 6,000 రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలని 2013 ఆహార భద్రత చట్టం చెప్పింది. మాతృ వందన పథకం తొలి కాన్పుకు ఇచ్చేది 5,000. రెండో కాన్పులో ఆడపిల్ల పుడితేనే 6,000, మగపిల్లాడైతే ఏమీ లేదు. ఆడపిల్లను ప్రోత్సహించడమే ఉద్దేశమైనా, కడుపుతో వంగి కాయ కోసిన నడుముకు పుట్టింది ఎవరన్న తేడా ఉండదు.

ఇళ్లలోనూ ఈ తూకం ఉంది. కడుపు మీద చెయ్యేసి పెద్దలు పలకరించేది చాలాసార్లు 'మనవడా' అనే. లింగ నిర్ధారణను నిషేధించిన చట్టం 1994 నాటిది. కానీ ఆ పిలుపు వింటూ, ఆడపిల్ల పుడితే ఏమంటారోనని తొమ్మిది నెలలు భయపడే తల్లికి ఏ చట్టమూ అండగా రాదు. బిడ్డతో బంధాన్ని చెడగొట్టేవాటిలో ఆ భయం ముందుంటుంది.

తండ్రుల విషయం కొంత తేలిక. అప్పుడే పుట్టిన పిల్లలు తండ్రి గొంతుకు ప్రత్యేక మొగ్గు చూపలేదని డికాస్పరే 1984లో గమనించాడు. పొట్ట దగ్గర వంగి ఉపన్యాసం ఇవ్వకపోయినా బిడ్డకు నష్టం లేదు. భార్యతో రోజూ కాసేపు కూర్చుని మాట్లాడితే, ఆమె బదులు పలికితే, బిడ్డకు వినపడాల్సింది వినపడుతుంది.

కాస్త తీరిక దొరికి బిడ్డతో పలకరింపు అలవాటైన తల్లికి మరో మేలుంది: కదలికలు ఆమె గమనికలో ఉంటాయి. ఏడో నెల దాటాక రోజూ ఉండే కదలిక తగ్గితే తెల్లారేదాకా ఆగకూడదు. వెంటనే 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్లాలి. ఆ ఫోన్ చేయడానికి ఆమె అత్త అనుమతి కోసమో, మరునాటి కూలి పోతుందనో ఆగే పరిస్థితి ఉండకూడదు.