తొమ్మిదిమంది ఎందుకండీ?

"గోదావరి ఒడ్డున కూచుని రామా కృష్ణా అనుకోవలసిన వయస్సులో జపాను ఆడపిల్లల బొమ్మల సీరియల్ మీద మీకింత కోపమేవిఁటండీ?" అంటోంది మా ఆవిడ. కోపానికీ వయస్సుకీ సంబంధం లేదు. మోసపోయిన ప్రేక్షకుడికి డెబ్భయ్యేళ్ళప్పుడైనా వొళ్ళు మండుతుంది.

సంగతి చెప్తాను. ఆ సీరియల్ పేరు 'లవ్ లైవ్ సూపర్‌స్టార్'. 2021 జులైలో జపాను ఎన్.హెచ్.కె. వారి విద్యా చానల్లో మొదలై అక్టోబరులో ముగిసింది. పన్నెండు భాగాలు. టోక్యోలో కొత్తగా తెరిచిన ఆడపిల్లల హైస్కూలు. అందులో అయిదుగురు పిల్లలు కలిసి పాటల బృందం కడతారు. కథానాయిక కానన్‌ది బంగారం లాంటి గొంతు. కాని జనం ఎదుట నిలబడితే పెగలదు. చిన్నప్పుడు బళ్ళో వేదిక మీద కుప్పకూలిపోయింది. సంగీతం కోర్సు ప్రవేశపరీక్షలోనూ అలాగే తప్పింది.

మా మనవరాలు ఫోన్లో ఇది చూస్తూంటే నేను వెనకాల నించుని తొంగిచూశాను. చూశాక కూచున్నాను. ఎందుకంటే మా పిల్ల కథా అదే. రామదాసు కీర్తన ఇంట్లో పాడితే పక్కింటివాళ్ళు పొయ్యి మీద కూర మరిచిపోతారు. ఆ యేడాదే వూళ్ళో ఒక సభలో మైకు ముందు నిలబెడితే బిక్కచచ్చిపోయింది. తంబురా మోగుతూనే వుంది, పిల్ల నోరు తెరవలేదు. దింపి తీసుకొచ్చేశాం. ఆ తర్వాత పాట మాటెత్తితే పెరట్లోకి వెళ్ళిపోయేది.

అలాంటి పిల్ల పదకొండో భాగం చూసింది. కానన్ తను పడిపోయిన ఆ పాత బడికే మళ్ళీ వెళ్ళి, స్నేహితురాళ్ళు పక్కన లేకుండా ఒక్కతే పాడుతుంది. పన్నెండో భాగంలో బృందం టోక్యో పోటీలో ఓడిపోతుంది. అవునండీ, ఓడిపోయింది! మన సినిమావాళ్ళయితే కప్పు చేతికిచ్చి, దండ వేసి, శుభం కార్డు వేసేవారు. వాళ్ళు ఓడించి, ఆ పిల్ల చేత "ఈసారి గెలవాలి" అనిపించి ఆపారు. ఆ రాత్రి మా పిల్ల వంటింట్లో గ్లాసులు కడుగుతూ సన్నగా కూనిరాగం తీసింది. మేమిద్దరం విననట్టు నటించాం.

రెండో భాగం కోసం ఎంత ఎదురుచూశామో చెప్పాలంటే వరద సంగతి చెప్పాలి. 2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులు. 1986 తర్వాత అంత నీళ్ళు మళ్ళీ చూడలేదు. వంతెన మీద రాకపోకలు ఆపకముందే మేము ఖమ్మంలో మా బావమరిది యింటికి చేరుకున్నాం. ఆ మర్నాడే, 17న, రెండో సీజన్ మొదలు. "మనిల్లు మునిగిందా తాతయ్యా?" అని అడిగింది. గుమ్మం దాకా వచ్చి ఆగిందట అన్నాను. "అయితే చూద్దామా?" అంది. చూశాం.

చూశాం కాని, ఏం చూశామండీ! అయిదుగురు కాస్తా తొమ్మిదిమందయ్యారు. హొక్కైడో నుంచి వచ్చిన పిల్ల ఒకతె, సైన్సు పిల్ల ఒకతె, ఆమె స్నేహితురాలు ఒకతె, వీడియోలు తీసి డబ్బు చేసుకోవాలనే పిల్ల ఇంకొకతె. కొత్తవాళ్ళొచ్చి పాడుచేశారని చాలామంది అంటారు. నేనలా అనను. కిన్నెరసాని వచ్చి కలిస్తే గోదావరికి నష్టమా? నీళ్ళు పెరిగినప్పుడు కాలవ వెడల్పు చెయ్యాలి కదా అన్నదే నా గోల. మొదటిసారి అయిదుగురికి పన్నెండు భాగాలు, అంటే తలకి రెండు పైన. ఈసారి తొమ్మిదిమందికీ ఆ పన్నెండే. తలకి ఒకటీ, చిల్లర మూడోవంతూ. రేషను షాపులో కూడా కార్డులో పేర్లు పెరిగితే బియ్యం పెంచుతారు.

మరి తొమ్మిదే ఎందుకు? విచారిస్తే తేలింది. ఈ కంపెనీవారి మొదటి సీరియల్లో, 2013లో, తొమ్మిదిమంది. 2016లో వచ్చిన దాంట్లోనూ తొమ్మిదే. ఆ దుకాణంలో డజను అంటే తొమ్మిది కాబోలు! ఒక్కొక్క పిల్లకీ పాటలూ, బొమ్మలూ, సామాన్లూ అమ్ముడుపోవాలి. వ్యాపారం చేసుకోవద్దనడం లేదు. మా భద్రాద్రిలో ప్రసాదం కూడా అమ్ముతారు. కాని లడ్డూలో చక్కెర తగ్గించి లెక్క పెంచితే భక్తుడికైనా తెలుస్తుంది.

నా అసలు ఫిర్యాదు ఇది కూడా కాదు. కానన్ భయం ఏమైంది? మొదటి పన్నెండు భాగాల్లో గొంతు దాకా వచ్చి ఆగిన ఆ భయం, రెండో సీజన్లో బట్టల షాపు వాడు పాత స్టాకు సర్దేసినట్టు మాయమైంది. ఇప్పుడామె అందరికీ ధైర్యం చెప్పే పెద్దమ్మాయి. ఎవరికి ఏ కష్టమొచ్చినా చిరునవ్వుతో నించుని వుంటుంది. ఆరో భాగమో ఏడో భాగమో చూస్తూ మా పిల్ల, "ఆమెకి పోయింది తాతయ్యా, నాకు పోలేదు" అంది. అని ఫోను బోర్లా పెట్టేసింది. నాకు నోట మాట రాలేదు. ఒకసారి పాడితే భయం పోతుందని ఎవడు చెప్పాడు? నలభయ్యేళ్ళు కచేరీలు చేసినవాళ్ళు కూడా తెర తీసేముందు అరచేతులు తుడుచుకుంటారు.

న్యాయంగా చెప్పాలి గనక చెప్తాను, ఒక్క ఘట్టం బాగుంది. షాంఘై నుంచి వచ్చిన కేకే గెలవకపోతే స్వదేశం వెళ్ళిపోవాలి. అది తెలిసిన సుమిరే, చెడ్డపేరైనా ఫరవాలేదని, కొత్తపిల్లల్ని పక్కన పెట్టి మనమే పాడదామంటుంది. స్నేహం కోసం దుర్మార్గురాలు కావడానికి సిద్ధపడడం! ఆ రచయితకి చెయ్యి పోలేదన్నమాట, చోటు పోయింది. ఎందుకంటే ఇంతలో వియన్నా నుంచి మార్గరెటా అని ఒక గర్విష్ఠి పిల్ల వచ్చి పడింది. ఆమెకీ భాగాలు కావాలి.

ఇంక ముగింపు. ఈసారి గెలిచారు, సంతోషం. కానన్‌కి వియన్నాలో సంగీతం చదువుకునే అవకాశం వచ్చింది. వెళ్ళాలా, మానాలా? తోటివాళ్ళు ఏడ్చి, నచ్చజెప్పి, పంపడానికి సిద్ధపడ్డారు. మేమూ మనసు గట్టి చేసుకున్నాం. చివరి నిమిషంలో ఏమైందనుకున్నారు? చదువు రద్దు! పైగా ఆ వియన్నా పిల్లే వీళ్ళ బళ్ళో చేరిపోయింది. మూడో సీజన్‌కి సరుకు కావాలిగా. ఆమె నిర్ణయానికీ మా కన్నీళ్ళకీ విలువ లేదా? పెళ్ళికూతుర్ని అప్పగింతలు చేసి, అందరం ఏడ్చాక, "బస్సు లేదట, లోపలికి రండి" అన్నట్టుంది.

"కొనసాగింపులు అంతేనండీ, మొదటిదానంత బాగుండవు" అని మా పక్కింటి రిటైర్డు మాష్టారు సర్దిచెప్పారు. మాష్టారూ, మీరే ఈ మాట అనచ్చా? నన్నయగారు అరణ్యపర్వంలో ఆగిపోయారు. తిక్కనగారు విరాటపర్వంతో అందుకున్నారు. అది కొనసాగింపు కాదా? మధ్యలో మిగిలిన అరణ్యపర్వ శేషాన్ని ఎఱ్ఱన పూరించి, నన్నయ రచించినట్టే రాజరాజ నరేంద్రుడికే అంకితమిచ్చాడు. ముందువాడి గొంతు ఎక్కడ ఆగిందో చెవి పెట్టి విని, అక్కడ ఎత్తుకున్నాడాయన. ఈ కంపెనీలో అదే కథ, అదే కానన్, మధ్యన తొమ్మిది నెలల విరామం. అయినా ఆమె గొంతు ఎక్కడ ఆగిందో వాళ్ళకే జ్ఞాపకం లేదు.

పిల్లల బొమ్మలకి ఇంత గొడవెందుకంటారా? పిల్లలవి గనకే. పెద్దవాళ్ళం మనం సగం చూసి కునుకు తీస్తాం. వాళ్ళు ప్రతి మాటా నమ్ముతారు.

2024 అక్టోబరులో మూడోది వచ్చింది. అప్పటికి మా పిల్ల గుళ్ళో మంటపం స్తంభం వెనకాల కూచుని, ఎవరికీ కనపడకుండా, నాలుగు కీర్తనలు పాడే దాకా వచ్చింది. వినేవాళ్ళకి గొంతు తెలుసు, మనిషి తెలీదు. ఫోను తెచ్చి, "చూద్దామా?" అన్నాను.

"ఈసారి ఎంతమందట?"

"పదకొండు."

"పదకొండా!" అని, పుస్తకం తీసుకుని గుడి వేపు వెళ్ళిపోయింది.