నడుముకి ఫోను కట్టేముందు

కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు నడిచి, వెనక్కి తిరిగొచ్చి కూర్చోవాలి. ముసలివాళ్ళ నడకను చూసే ఈ పరీక్ష 1991 నాటిది. దానికి ఒక గడియారం చాలేది. ఇప్పుడు నడుముకి స్మార్ట్‌ఫోను కట్టి, అందులోని యాక్సిలరోమీటరు, జైరోస్కోపులతో లేవడానికెంత, తిరగడానికెంత, ఒళ్ళు ఎంత తూలింది, అన్నీ విడివిడిగా లెక్కిస్తున్నారు. మంచిదే. డిమెన్షియా ఉన్నవాళ్ళు పడిపోయే ప్రమాదం ఎక్కువ. ముందే తెలిస్తే తుంటి ఎముక విరగకుండా చూసుకోవచ్చు.

కానీ ఆ 3 మీటర్లలో ఇంకొక మనిషి ఉంది. వెనక్కి తిరగాలన్న సంగతి సగం దారిలో మరిచిపోయిన అత్తగారికి గుర్తుచేసేదెవరు? చీరకుచ్చిళ్ళ మీద బెల్టు జారకుండా బిగించేదెవరు? (జేబులేని మనుషులుంటారని ఈ యాప్‌లు రాసేవాళ్ళకి తెలుసో లేదో!) పడబోతే పట్టుకునేదెవరు? కోడలో, కూతురో, జీతానికొచ్చిన ఆయమ్మో. ఆమె అడుగుల్ని ఏ ఫోనూ లెక్కపెట్టదు.

2023లో వెలువడిన అంచనా ప్రకారం మన దేశంలో 60 దాటినవాళ్ళలో 88 లక్షలమందికి డిమెన్షియా ఉంది. మగవాళ్ళకంటే ఆడవాళ్ళలోనే ఎక్కువ. వాళ్ళ వెనకే నడిచేదీ ఎక్కువగా ఆడవాళ్ళే. ఆస్పత్రిలో చేసే పరీక్ష ఇంట్లోనే చేసుకుంటే ఖర్చు తగ్గుతుందంటారు. ఎవరి ఖర్చు? రోజూ పరీక్ష చేయించే మనిషికి ఎంతిస్తారో, ఆమె నడుంనొప్పిని ఏ గడిలో రాస్తారో పరిశోధన ప్రతిపాదనలోనే చూపించమని అడుగుదాం.