బాబ్ డిలాన్ మొదటి రికార్డు - ఇద్దరు సాక్షులా, ఒక్కడేనా?

బాబా గాలిలోంచి విభూతి తీశాడంటే "ఎవరు చూశారు? చెప్పిందెవరు?" అని నిలదీస్తాం. ఇష్టమైన గాయకుడి దగ్గరికొచ్చేసరికి మనలో చాలామందికి ఆ ప్రశ్న గొంతులోనే ఆగిపోతుంది. ఎందుకాగాలి?

1962 మార్చిలో కొలంబియా కంపెనీ "బాబ్ డిలాన్" అనే రికార్డు విడుదల చేసింది. ఒక గిటారు, ఒక మౌతార్గాన్, ఒక గొంతు. 1961 నవంబరులో రెండు రోజుల్లో పాడేశాడు, అప్పటికి 20 ఏళ్ళు. 13 పాటల్లో సొంతంగా రాసినవి రెండే. మిగతావి పాత జానపదాలు, బ్లూస్, చర్చి పాటలు. మొదటి ఏడాది 5000 కాపీలు పోయాయంటారు. అతన్ని తెచ్చిన జాన్ హామండ్ ని కంపెనీలోనే వెక్కిరించారు.

రికార్డు అట్ట వెనక స్టేసీ విలియమ్స్ అనే ఆయన రాసిన పరిచయం ఉంటుంది. అందులో న్యూయార్క్ టైమ్స్ విమర్శకుడు రాబర్ట్ షెల్టన్ ఈ కుర్రాణ్ణి మెచ్చుకున్న సంగతీ ఉంటుంది. చదివినవాడికి ఇద్దరు పెద్దమనుషులు ఒకే మాట చెబుతున్నట్టు అనిపిస్తుంది. కానీ స్టేసీ విలియమ్స్ అన్నది షెల్టన్ పెట్టుకున్న మారుపేరు! సాక్షి ఒక్కడే. మహిమల పుస్తకాల్లో మనం రోజూ చూసే పద్ధతే ఇది.

ఇక డిలాన్ తన గురించి తాను చెప్పుకున్న కథలు. చిన్నప్పుడే ఇల్లొదిలేశానన్నాడు, కార్నివాల్ వాళ్ళతో ఊళ్ళు తిరిగానన్నాడు, అమ్మానాన్నలతో సంబంధం లేదన్నాడు. 1963లో న్యూస్‌వీక్ పత్రిక ఆరా తీస్తే తేలిందేమిటంటే, ఆయన మిన్నెసోటాలోని హిబ్బింగ్ అనే ఊళ్ళో మధ్యతరగతి ఇంట్లో పెరిగిన రాబర్ట్ జిమ్మర్‌మన్. నాన్నకి ఎలక్ట్రిక్ సామాన్ల షాపు. అమ్మానాన్నా కొడుకు కచేరీ చూడ్డానికి న్యూయార్కే వచ్చారు.

"కళాకారుడు ఆమాత్రం కల్పించుకోకూడదా?" అంటారు. పాటలో ఎంతైనా కల్పించుకోవచ్చు. పేపరువాళ్ళకి చెప్పేది పాట కాదు కదా. పైగా ఇక్కడ అసలు చిక్కు వేరే ఉంది. ఆ రికార్డులోని చావు పాటల్లో ఒకటి బ్లైండ్ లెమన్ జెఫర్సన్‌ది. ఆయనకి నిజంగానే చూపు లేదు. ఇంకోటి బుకా వైట్‌ది. ఆయన మిసిసిపీలోని పార్చ్‌మన్ జైల్లో నిజంగానే శిక్ష అనుభవించాడు. ఇద్దరూ నల్లజాతివాళ్ళు. కష్టం వాళ్ళది, "కష్టాలు పడ్డ కుర్రాడు" అన్న పేరు మాత్రం డిలాన్‌ది. నాకు గుచ్చుకునేది ఇదే. పాట బాగుందా అంటే బాగుంది, ఇప్పటికీ వింటాను. పాట బాగున్నంత మాత్రాన కథ నిజమైపోదు, కథ అబద్ధమైతే పాట చెడిపోనూ చెడిపోదు.

బుకా వైట్ బతికే ఉన్నాడని అప్పట్లో ఎక్కువమందికి తెలియదు. 1963లో ఇద్దరు అభిమానులు ఆయన పాత పాటలో అబెర్డీన్ అనే ఊరి పేరు విని, అదే ఆధారంగా, "పాత బ్లూస్ గాయకుడు" అని రాసి ఆ ఊరి పోస్టాఫీసుకి ఉత్తరం వేశారు. ఆయన అక్కడ లేడు, మెంఫిస్‌లో ఫ్యాక్టరీ పనిలో ఉన్నాడు. ఉత్తరం మాత్రం చేతులు మారి ఆయనకి అందింది.