విసరుటలో నెవరు మేటి?

గత వేసవి సెలవులకు ముందు తొమ్మిదవ తరగతి విద్యార్థు లిద్దఱు ఒక తగవును నాయొద్దకు దెచ్చిరి. వారిలో నొకని మేనమామ అమెరికాలోని డల్లాసు నగరమున నుద్యోగము చేయుచున్నాడు. ఆయన మూలమున నా దేశపు ఫుట్‌బాలు ఆట యీ బాలునకు బరిచయమై, అతనినుండి స్నేహితునకును అంటుకొన్నది. ఇది మనము కాలితో నాడెడి యాట కాదు. రెండు కొనలును సన్నగిలిన బంతిని చేతబట్టి పరుగిడుదురు, లేదా ముందున్న తనవానికి విసరుదురు. ఆ విసరువానిని క్వార్టర్‌బ్యాక్ అందురు. విసురు చేరినచో ముందుకు సాగిన దూరమును గజములలో లెక్కించి యాతని పేర వ్రాయుదురు.

టామ్ బ్రేడీ 23 ఏండ్లలో 89,214 గజములు విసరెను. 1956 మొదలు 1973 వఱకు నాడిన జానీ యునైటస్ 40,239 మాత్రమే. కావున బ్రేడీ రెండింతలకు మించిన గొప్పవాడని యొకడు. పాతవారే గట్టివారని తన మేనమామ చెప్పెనని రెండవవాడు. లెక్కల పంతులను గనుక నేను తీర్పు చెప్పవలెనట!

భాగహారమునందు దోషము లేదు. అయితే యునైటస్ ఆడ మొదలిడిన నాడు ఏటికి 12 ఆటలే. తరువాత 14 అయినవి. 1978లో 16, 2021 నుండి 17. అంతకంటె ముఖ్యమైనది నిబంధనల మార్పు. పూర్వము బంతి నందుకొనబోవు వానిని ప్రతిపక్షులు మైదానము పొడవునను గ్రుద్దుచు త్రోయుచు నుండెడివారు. 1978లో వాని నైదు గజముల తరువాత తాకరాదనిరి. విసరువానిని కాచెడి వారు చేతులు చాచి, అఱచేతులతో శత్రువును నెట్టవచ్చునని యదే సంవత్సరమున ననుమతించిరి. విసరువానికి నిలువ నీడయు, అందుకొనువానికి బరుగిడ దారియు దొరకినవి. ఆ మీదట గజముల లెక్కలు పెరుగకుండు టెట్లు?

1973లో లీగువా రొక సూత్రమును స్వీకరించిరి. చేరిన విసురుల శాతము, విసురున కెన్ని గజములు, ఎన్ని టచ్‌డౌనులు, ఎన్ని పరులపాలయ్యె నను నాల్గింటిని గలిపి యొక సంఖ్య చేయుదురు. నూటికి ఏబది విసురులు చేరుట సామాన్యమని దానిని గట్టినవారి యూహ. అన్నిట సామాన్యుడైనవానికి 66.7 వచ్చును. నేడు నూటికి అరువదికి మించి చేరుచున్నవి. లీగు సగటే 90 దరిదాపులకు వచ్చినది. 1967లో జో నేమత్ 14 ఆటలలో 4,007 గజములు విసరెను. ఒక యేటిలో నాలుగువేలు దాటిన మొదటివా డతడే. అతని విసురులలో 26 టచ్‌డౌనులు కాగా 28 పరులపాలైనవి. సూత్రము ప్రకార మతని సంఖ్య 73.8. ఈనా డా సంఖ్యతో నెవ్వడైనను జట్టులో స్థానము నిలుపుకొనుట దుర్లభము. మన తాతల కాలమున మొదటి తరగతిలో నుత్తీర్ణుడైన వానిని జూచుటకు ఊరివారు వచ్చెడివారు. నేడు మా తరగతిలో సగముమందికి మొదటి తరగతియే. అందుచే తాతలు మందబుద్ధులని యెవ్వరును అనరు గదా.

కనుక నా మతమున నొకనిని తన తోడివారి ప్రక్కనే నిలిపి చూడవలెను. డాన్ మరీనో 1984లో 48 టచ్‌డౌనులు విసరెను. అంతకు ముందెవ్వరును 36 దాటలేదు. ఒక్క యేట మూడవవంతు మించుట! దానిని దాటుటకు ఇరువది యేండ్లు పట్టెను. 2004లో పేటన్ మానింగ్ దాటినదియు నొక్క టచ్‌డౌను చేతనే. అతడే 2013లో 55 విసరెను గాని, నా కంటికి మరీనో యెక్కిన మెట్టే యెత్తు.

ఇంతవఱకు చెప్పి తీర్పు ముగించితి ననుకొంటిని. కాని యీ పద్ధతికిని లోపము కలదు. సిడ్ లక్‌మన్ 1943లో పదియాటలలోనే 28 టచ్‌డౌనులు విసరెను. నూఱు విసురులకు 13.9, ఆ నిష్పత్తి నింతవఱకు నెవ్వరును మీఱలేదు. అయితే అది యుద్ధకాలము. ఆటగాండ్రనేకులు సైన్యమున జేరగా, ఫిలడెల్ఫియా పిట్స్‌బర్గు జట్లు రెండు నొకటిగా గలిసి యాడవలసి వచ్చెను. అదిగాక 1934 నుండి 1945 వఱకు ఆ లీగులో నల్లజాతివా డొక్కడును లేడు. తోడివారితో పోల్చుద మన్నచో, ఆ తోడివారిలో నెవరిని గేటు బయట నిలిపిరో గూడ నడుగవలెను.

తరువాత గేటు తెఱచిరి. అయినను విసరుచోటు మాత్రము చాలకాలము తెల్లవారిదే. వారెన్ మూన్ 1978లో విశ్వవిద్యాలయపు జట్టును రోజ్ బౌల్ పోటీలో గెలిపించెను. ఆ యేడు లీగులోని జట్లలో నొక్కటియు నతని నెన్నుకొనలేదు; నల్లవాడు క్వార్టర్‌బ్యాకుగా బనికిరాడను తలంపు నాడు బలముగా నుండెను. అతడు కెనడాకు బోయి, ఎడ్మంటన్ జట్టున నాఱేండ్లాడి, అయిదుసార్లు గ్రే కప్పు గెలిచి, 1984లో హూస్టనుకు వచ్చెను. అమెరికా లీగులో నతని పేర నున్నవి 49,325 గజములు. కెనడాలో విసరిన 21,228 గజములు ఆ పట్టికలో లేవు. 2006లో నతనిని హాల్ ఆఫ్ ఫేమునకు దీసికొనిరి. నల్లజాతి క్వార్టర్‌బ్యాకులలో నా గౌరవ మందిన మొదటివా డతడే.

ఇది విని మొదటి బాలుడు వెంటనే రెండు సంఖ్యలను గూడి 70,553 అని కేక వేసెను. మరీనో వదలిన 61,361 దానికి దిగువనే గదా యనెను. అట్లు కూడరాదంటిని. కెనడాలో మైదానము పెద్దది, పక్షమునకు పన్నెండుగురు, ముందుకు సాగుటకు మూడే యవకాశములు, అమెరికాలో నాలుగు. మఱి యా 21,228 నెచ్చట వ్రాయవలెనని రెండవవాడు నోటుపుస్తకము చాపెను. మూన్ పేరు క్రిందనే వేఱొక వరుసలో వ్రాసి, అతడా యాఱేండ్లు కెనడాలో నేల యాడవలసి వచ్చెనో దాని ప్రక్కన వ్రాయుమంటిని. ప్రక్కన చోటు చాలక, వాడు పుట త్రిప్పి వ్రాసికొనెను.