మధుమేహౌషధములును క్యాన్సరు శంకయు

మధుమేహమునకు వాడు మందులవలన స్త్రీలకు క్యాన్సరు కలుగునను మాట అప్పుడప్పుడు మన చెవిని బడుచుండును. ఆ మాట విని వైద్యుని అడుగకయే ఇన్సులిను మానుకొను స్త్రీకి రాగల క్యాన్సరు శంకామాత్రము. వచ్చు ప్రాణాపాయము మాత్రము నిశ్చయము. కావున ఈ శంక యెట్లు పుట్టినదో, ఎట్లు పరీక్షింపబడినదో ప్రతి గృహస్థుడును ఎఱుగవలసియున్నది.

2009వ సంవత్సరమున గ్లార్జిను అను ఇన్సులినును గూర్చి ఐరోపాలో నాలుగు పరిశోధనలు ఒక్కమారే వెలువడినవి. స్వీడను దేశపు లెక్కలలో, ఈ యొక్క ఇన్సులినునే వాడిన స్త్రీలయందు రొమ్ముక్యాన్సరు తక్కిన ఇన్సులినులు వాడినవారియందుకంటె సుమారు రెండురెట్లు కానవచ్చెను. గగ్గోలు పుట్టినది. కాని ఆ లెక్క రెండేండ్లది. వ్యాధిగ్రస్తులైన స్త్రీలు కొలదిమంది. మఱియు మధుమేహమును స్థూలకాయమును మందుతో నిమిత్తము లేకయే రొమ్ముక్యాన్సరునకును, గర్భాశయ క్యాన్సరునకును తావిచ్చును. నేరము మందుదా, రోగముదా?

దీనిని తేల్చుటకు రోగులను చీట్లు వేసినట్లు రెండు పక్షములుగా విభజించి, ఒక పక్షమునకు మాత్రమే ఆ మందు నొసగి, ఏండ్ల తరబడి కనిపెట్టవలెను. అట్టి పరీక్ష 40 దేశములలో 12,500 మందికి పైగా రోగులపై ఆఱేండ్లు జరిగినది. 2012లో ఫలితము తేలెను: క్యాన్సరు ఉభయపక్షములందును సమానమే. మరుసటి యేడు ఐరోపా ఔషధసంస్థయు ఆ శంకకు ఆధారము లేదని నిర్ణయించెను. అయినను ఆ పరీక్షలో స్త్రీలు మూడవవంతునకు కొంచెమే హెచ్చుగా నుండిరి. స్త్రీల ప్రశ్నకు స్త్రీలే తక్కువైన పరీక్ష సంపూర్ణ సమాధానము కాజాలదు.

భయమువలెనే ఆశయు తొందరపడును. మెట్‌ఫార్మిను రొమ్ముక్యాన్సరును అరికట్టునని పలువు రాశించిరి. మధుమేహము లేని 3,649 మంది రొమ్ముక్యాన్సరు రోగులపై జరిగిన పరీక్షలో ఆ యాశ నెరవేరలేదని 2022లో వెల్లడియైనది.

మన దేశమున 10 కోట్లకు పైగా మధుమేహరోగులు కలరని 2023 నాటి అంచనా. క్యాన్సరు నమోదు నాలుగు దశాబ్దములకు పైగా సాగుచున్నది. అయినను ఎవరు ఏ మందు ఎన్నియేండ్లు వాడిరో ఆ నమోదుతో జతపఱచి చూచు దేశవ్యాప్త వ్యవస్థ మనకు లేదు. మూత్రాశయ క్యాన్సరు భయముతో 2013 జూనులో పియోగ్లిటజోనును నిషేధించిన మన ప్రభుత్వము, జూలై ముగియునప్పటికి హెచ్చరికతో మరల అనుమతించెను. స్వంత లెక్కలు లేని ప్రభుత్వము ఇట్లే ఊగిసలాడును. స్వీడను శంకించగలిగినది లెక్క యుండుటచేతనే. ఆ లెక్కను మన స్త్రీలకొఱకును సిద్ధపఱచుట ప్రభుత్వము యొక్క విధి.

అంతవరకు సోదరీమణులకు మా మనవి యొక్కటే: శంక కలిగిన వైద్యుని నిలదీసి యడుగుడు, రొమ్మున గడ్డ కనబడినను, ముట్లుడిగిన పిమ్మట రక్తము కనబడినను సిగ్గుపడక పరీక్ష చేయించుకొనుడు, మందును మాత్రము వదంతి విని మానకుడు.