వాలునేల యింటికి అడ్డుగోడ

మదనపల్లె, పుంగనూరు, కుప్పము – ఈ మూడును మిట్టపల్లముల సీమలోని ఊళ్లు. సముద్రమట్టమునకు 2,000 అడుగులకు పైని ఉన్న యీ ప్రదేశమున ఎటు చూచినను గుట్టయో, గుట్టవాలో, వాలు దిగినచోట చెరువో కానవచ్చును. పూర్వులు చదునైన చోట ఇండ్లు కట్టుకొని వాలునేలను పశువుల మేతకు విడిచిరి. ఇప్పుడు ఊళ్లు పెరిగి ఇండ్లు వాలుల మీదికి ఎక్కినవి. 30 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు గల చిన్న స్థలములోనే ఎగువ మూలకును దిగువ మూలకును నాలుగైదు అడుగుల తేడా ఉండుట వింత గాదు. అట్టిచోట పెరడు చదును కావలెనన్నచో దిగువప్రక్కను గోడ కట్టి దాని వెనుక మట్టి నింపవలయును. లేదా ఎగువప్రక్కను త్రవ్వి, నిట్టనిలువుగా మిగిలిన మట్టికి గోడ ఆనించవలయును. ఇంజనీర్లు రిటైనింగ్ వాల్ అనునది ఇదియే. దీనినే అడ్డుగోడ యందుము. ఈ మాసమున దానిని గూర్చి ముచ్చటించుకొందము.

గోడల సంగతి పురుషులకును మేస్త్రులకును వదలి, వంటయింటి అలమరలను గూర్చి మాత్రమే మనము పలుకుట వాడుక. కాని సోదరీమణులారా, పెరడు ఎవరిది? తులసికోట, కరివేపచెట్టు, బట్టలుతుకు బండ, పిల్లల ఆట – అన్నియు అచటనే గదా! వాన కురిసినపుడు ఏ మూల నీరు నిలుచునో, ఏ ప్రక్క గోడ చెమ్మగిల్లునో ఇల్లాలికి తెలిసినంతగా మరియొకరికి తెలియదు. అడ్డుగోడ నిలుచుటయు కూలుటయు ఆ నీటి సంగతిమీదనే ఆధారపడి యున్నవి.

మొదట తెలిసికొనవలసినది యేమనగా, అడ్డుగోడ వేరు, ప్రహరీగోడ వేరు. ప్రహరీకి రెండుప్రక్కలను గాలియే. తన బరువు తాను మోసికొని గాలికి నిలిచిన చాలును. అడ్డుగోడను మట్టి రేయింబవళ్లు త్రోయుచుండును. ఆ త్రోపు ఎంతయో లెక్క కట్టవచ్చును. బడిపంతులుగారి ఇంట లెక్కలకు కొదువ లేదు. పొడిగా నున్న గరుసుమట్టి 5 అడుగుల ఎత్తున నిలిచినపుడు, గోడ పొడవున ఒక్కొక్క అడుగును సుమారు 210 కిలోల బలముతో త్రోయును. ఎత్తు 10 అడుగులైనచో ఆ త్రోపు రెండింతలు గాదు, నాలుగింతలగును. అనగా సుమారు 850 కిలోలు. గోడను తలక్రిందులు చేయు శక్తి యెనిమిదింతలగును. కావున, ప్రక్కయింటివారు ఐదడుగులు కట్టిన తీరుననే మనము పదియడుగులు కట్టుదమనుట తగదు.

ఇది పొడిమట్టి లెక్క. గోడ వెనుక పైదాక నీరు నిలిచినచో, ఆ యైదడుగుల గోడమీదనే 210 కిలోల త్రోపు సుమారు 450 కిలోలగును. మట్టి కొంతవరకు తన్ను తాను పట్టుకొని నిలుచును. నీటికి ఆ గుణము లేదు. వేసవిలో కట్టిన గోడ చక్కగా నిలిచి, అక్టోబరు, నవంబరు మాసముల ఈశాన్య ఋతుపవనపు వానలకు ఒరుగుటకు కారణమిదియే. మట్టియు మారలేదు, గోడయు మారలేదు; నడుమ నీరు చేరినది.

ఈ సత్యము మన సీమకు క్రొత్త గాదు. చెరువు కట్టినవారు కట్టతోబాటు తూమును, మరవను గూడ కట్టిరి. నీటికి దారి చూపని కట్ట నిలువదని వారికి తెలియును. కడప మండలములోని పోరుమామిళ్ల చెరువు శాసనము 1369వ సంవత్సరమునాటిది. చక్కని చెరువునకు ఉండవలసిన పండ్రెండు అంగములను, ఉండరాని ఆరు దోషములను అది సంస్కృతమున వివరించినది. కట్టనుండి నీరు ఊరుట ఆ దోషములలో నొకటి. ఇచటనే మన మేస్త్రులలో కొందరు పొరబడుచున్నారు. చెరువుకట్ట నీటిని నిలుపుటకు పుట్టినది. పెరటి అడ్డుగోడ మట్టిని నిలిపి నీటిని విడుచుటకు పుట్టినది. అచట దోషమైన ఊట ఇచట గుణము. ఒక్క చుక్కయు బయటికి రాకుండ సిమెంటుపూత పూసి, "చూడండమ్మా, ఎంత గట్టిగా కట్టితినో!" అని మేస్త్రి చూపినచో సంతోషింపక భయపడవలయును.

భయమని ఊరక అనలేదు. 2021 నవంబరు 19వ తేదీన చెయ్యేటిమీది అన్నమయ్య జలాశయపు మట్టికట్ట, గేట్ల దారికి మించి వచ్చిన వరదకు తెగి, దిగువ పల్లెలను ముంచినది. మన బాహుదానది నీరు చేరునది ఆ చెయ్యేటిలోనికే. అది పెద్ద కట్ట. పెరటిగోడతో దానికి పోలిక యేమని అనవచ్చును. అట్లైన 2025 ఏప్రిల్ 30వ తేదీని తలచుకొందము. సింహాచలమున చందనోత్సవమునకు వచ్చి వరుసలో నిలిచిన భక్తులమీద, క్రొత్తగా కట్టిన గోడ వానకు కూలి ఏడుగురు మరణించిరి. మనుష్యుని ప్రాణము తీయుటకు గోడ మహోన్నతమై యుండనక్కర లేదు.

పుంగనూరులో మాకు తెలిసిన యొక యింటివారు కొన్నియేండ్ల క్రిందట ఆరడుగుల కాంక్రీటు అడ్డుగోడ కట్టించుకొనిరి. మేస్త్రి తెలిసినవాడు, నీరు కారుటకు పైపులు పెట్టెను. వానలకు ఆ పైపుల క్రింద ఎర్రని చారలు పడినవి. అమ్మాయి పెండ్లికి ఇల్లంతయు రంగులు వేయించుచు, చారలు కనబడుట అప్రతిష్ఠయని, పైగా పైపులలో తేళ్లు చేరునని, ఆ రంధ్రములను సిమెంటుతో మూయించిరి. రెండు వానకాలములు గడచునప్పటికి గోడ నడుమ ఉబ్బి, తల నాలుగు వ్రేళ్ల మేర బయటికి ఒరిగెను. దాని క్రిందనే దిగువ యింటివారి పిల్లలు ఆడుకొను చోటు. ఇంజనీరు వచ్చి మొదట చేయించిన పని ఆ రంధ్రములను తెరపించుట. వాన వెలిసిన పిమ్మటయు మూడు దినములు వానినుండి ఎర్రనీరు కారెను. ప్రాణములు దక్కినవి గాని గోడ దక్కలేదు. పడగొట్టి మరల కట్టించుకొనిరి. సున్నములకును రంగులకును మనమే ముందుండి పని చేయింతుము గదా! పండుగకు రంగు వేయించునపుడు ఆ రంధ్రముల జోలికి పోవలదని పనివారికి చెప్పుట మన విధి. తేళ్లు, పాములు చేరునని భయమున్నచో పైపు నోటికి సన్నని తీగెల వల బిగించిన చాలును. చారలు పడినచో నీరు సక్రమముగా పోవుచున్నదనుటకు అవియే సాక్ష్యము.

ఇక కట్టించు విధము. నాలుగైదు అడుగులకు మించిన గోడకు ఇంజనీరుచే కొలతలు వేయించుకొనుట తప్పనిసరి. ఆ గోడపైన మరల ప్రహరీ కట్టదలచినను, గోడ వెనుకనే ఇల్లు గాని వాహనములు తిరుగు దారి గాని ఉన్నను, ఎత్తు తక్కువైనను అట్లే చేయవలయును. అయినను కొన్ని సంగతులు మనకు తెలిసియుండుట మేలు.

పునాది పోసిన మట్టిలో గాక, కదలని గట్టినేల తగులువరకు దిగవలయును. ఇనుపకడ్డీల కాంక్రీటుగోడకు అడుగున వెడల్పైన పలక యుండును. దాని వెడల్పు సాధారణముగా గోడ ఎత్తులో సగమునుండి మూడింట రెండు వంతులవరకు ఉండును. ఆ పలకలో ఎక్కువ భాగము మట్టిక్రిందికి పోవలయును. చాపమీద మనిషి కూర్చుండగా చాపను లాగలేము గదా; అట్లే పలకమీద కూర్చున్న మట్టి బరువే గోడను పడనీయక పట్టియుంచును. స్థలము చాలదని పలకను కుదించినచో గోడకు కాలు విరిచినట్లే.

కడ్డీల విషయమున ఒక్క మాట జ్ఞాపకముంచుకొనవలయును: ముఖ్యమైన నిలువుకడ్డీలు మట్టివైపు ముఖమునకు దగ్గరగా ఉండవలయును. పచ్చికొమ్మను వంచినపుడు వంపునకు వెలుపలివైపు నారలు తెగును. మట్టి గోడను ముందునకు వంచును గనుక సాగునది మట్టివైపు ముఖమే. కాంక్రీటు నొక్కుడునకు ఓర్చును గాని లాగుటకు ఓర్వదు. ఆ పని కడ్డీది. కడ్డీలను తప్పుగా ముందువైపు పెట్టినచో ఎంత ఇనుము వేసినను వ్యర్థమే. కాంక్రీటు పోయకముందే పెరటిలోనికి పోయి చూచుకొనుడు. పోసిన పిమ్మట ఎవరికిని కనబడదు. కడ్డీకి మట్టివైపున రెండంగుళముల కాంక్రీటు కప్పు ఉండవలయును, లేనిచో తుప్పు పట్టును.

కాంక్రీటు పాళ్లు సిమెంటు ఒకటి, ఇసుక ఒకటిన్నర, కంకర మూడు. దోసెపిండివలె జారుడుగా కలిపినచో పోయుట సులభమే గాని బలము తగ్గును. పోసిన పిమ్మట పది దినములు తడి ఆరకుండ నీళ్లు పట్టవలయును. ఈ పని మేస్త్రి వెడలిన పిమ్మట ఇంటివారిదే యగును. గోనెపట్టాలు తడిపి కప్పియుంచుట మంచిది. ఇరువది యెనిమిది దినములు గడువక వెనుక మట్టి నింపరాదు.

నీటిదారి సంగతి అన్నిటికంటె ముఖ్యము. మూడంగుళముల పైపులను ఐదడుగులకు ఒకటి చొప్పున, ముందువైపు నేలకు అర అడుగు పైని, బయటికి వాలునట్లు పెట్టవలయును. గోడ ఎత్తైనచో పైన మరియొక వరుస కావలయును. గోడ వెనుక అడుగు మందమున కంకర నింపి, కంకరకును మట్టికిని నడుమ నీరు మాత్రమే పోనిచ్చు గుడ్డ పరచవలయును. లేనిచో సన్నమట్టి చేరి దారి పూడును. నింపుటకు గరుసు మేలు. చౌకగా దొరకునని చెరువు పూడికమట్టి నింపినచో అది నీటిని పట్టియుంచి ఉబ్బును. మట్టిని అర అడుగు పొరలుగా వేసి దిమ్మిస కొట్టవలయును. పెరటిమీది వాననీరు గోడ వెనుకకు దిగకుండ పైన చిన్న కాలువ తీయవలయును. మురుగుగుంత, పెద్దచెట్టు, నీటితొట్టి గోడ దరిని ఉండరాదు.

మన సీమలో రాతికి కొదువ లేదు. కుప్పము ప్రాంతపు గ్రానైటు దేశదేశములకు పోవుచున్నది. నాలుగడుగుల లోపు ఎత్తునకు, స్థలము చాలినచో, రాతిగోడయే చాలును. అయితే అడుగున దాని మందము ఎత్తులో సగమునకు తగ్గరాదు, కొంచెము మట్టివైపునకు వాలియుండవలయును. సిమెంటు లేక పేర్చిన పొలముగట్ల రాళ్లు తరతరములు నిలుచుట చూచుచున్నాము. సందులన్నియు నీటిదారులే గనుక అవి నిలిచినవి.

గోడ కట్టియున్నవారు ప్రతి పెద్దవానకును ఒకసారి పోయి చూడవలయును. జోరున కురిసినను రంధ్రములనుండి చుక్క రాకున్నచో దారి పూడినదని యర్థము. గోడ నడుమ ఉబ్బుట, అడ్డముగా బీట వారుట, పైని మట్టి గోడకు ఎడమై చీలుట – ఇవి అపాయచిహ్నములు. అవి కనబడినపుడు పిల్లలను, పశువులను దిగువనుండి తప్పించి, పైనీటిని ప్రక్కకు మళ్లించి, ఇంజనీరును పిలువవలయును. పైని పూత పూసి బీటను కప్పుట రోగమును దుప్పటితో కప్పుటయే.

మరియొక మాట. మన గోడనుండి వచ్చిన నీరు దిగువ యింటివారి పునాదికి పోరాదు. ఒక చెరువు మరవ నీరు క్రింది చెరువునకు చేరునట్లు పెద్దలు కాలువలు తీర్చిరి. మన కాలువను గూడ వీథి కాలువకో ఇంకుడుగుంతకో చేర్చుటకు దిగువవారితో ముందే మాటలాడుకొనవలయును. గోడ కూలినపుడు మట్టి పడునది వారి యింటిమీదనే గనుక, ఆ గోడ ఎట్లు కట్టితిమో అడుగు హక్కు వారికిని కలదు. ఈ సంవత్సరము కట్టదలచినవారు మేస్త్రిని పిలిచిననాడే మొదటి ప్రశ్నగా "నీరు ఏ దారిని పోవును?" అని యడుగుడు. సమాధానము తడబడినచో పని మొదలుపెట్టనీయకుడు.